ఇంతకు మించి ఎవరూ పెట్టరు

మార్చి 2, సోమవారం

అక్కకి ఏమీ లేదు.

నెల రోజులుగా దగ్గు తగ్గట్లేదని బావ పోరు పడలేక ఛాతీ ఆసుపత్రికి వెళ్తే ఎక్స్‌రే తీశారు. కుడి ఊపిరితిత్తిలో బఠాణీ గింజంత మచ్చ ఉందన్నారు. సీటీ కూడా తీశారు, అందులోనూ అదేమిటో తేలలేదు. మచ్చలు ఎవరికి ఉండవు?

డాక్టరమ్మ ఒక్కటే అడిగిందట, పాత ఎక్స్‌రే ఏదైనా ఉందా అని. ఉంది. ఎనిమిదేళ్ల కిందట బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వైద్య పరీక్ష కావాలంటే అక్క అదే ఆసుపత్రిలో తీయించుకుంది. మచ్చ అప్పుడూ ఇంతే ఉంటే దాని మానాన దాన్ని వదిలేయొచ్చు, ఆరు నెలలకోసారి చూసుకుంటే చాలు. అప్పుడు లేకపోతే కొత్తగా పుట్టినట్టు. పక్కటెముకల మధ్య కోసి ఆ ముక్క బయటికి తీసి పరీక్షకి పంపాలి. ఇరవై నాలుగో తారీఖున ఆపరేషన్ అని రాసి కూడా ఇచ్చేశారు. పాత ఫోటో దొరికితే దాన్నిబట్టి మానేయొచ్చట.

వాళ్ల కంప్యూటర్లో వెతుకుతున్నారు. దొరుకుతుంది. అందులో పెట్టింది ఎక్కడికి పోతుంది?

నేను ఈ మేడ మీది గదిలో కూర్చుని రాస్తుంటే కింద అక్క కుట్టుమిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది వినిపిస్తున్నంత సేపు నాకు భయం లేదు.

మార్చి 3, మంగళవారం

దొరకలేదట.

మార్చి 4, బుధవారం

ఆఫీసుకి ఛాతీ ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. పాత ఎక్స్‌రే ఫోటోలు కొన్ని కనిపించడం లేదు, పేరు కొట్టి వెతికినా రావడం లేదు, అని నాలుగు ముక్కలు. సారు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, మీరు రాసిందే కదా, ఒకసారి చూడండి అని వెళ్లిపోయారు.

మేం అమ్మేది చిన్న ఆసుపత్రులకీ ప్రెస్సులకీ ఫైళ్లు దాచుకునే పెట్టెలు. లోపల ఉండే ప్రోగ్రాంలో ఫోల్డర్ల సంగతి చూసే భాగం నాది. తొమ్మిదేళ్ల కిందట ఒక్కదాన్నే కూర్చుని రాశాను. ఆ ఆసుపత్రిలో మన పెట్టె ఉందని నాకు తెలియదు.

తెలుసు. సోమవారం అక్క ఆసుపత్రి పేరు చెప్పినప్పుడే తెలుసు. అందులో పెట్టింది ఎక్కడికి పోతుంది అని ఇక్కడే రాశాను కదా, అంత ధీమా ఇంకెవరికి ఉంటుంది?

మార్చి 5, గురువారం

రాసుకుంటే కుదుటపడుతుందేమోనని రాస్తున్నాను.

మా వాళ్లు డైరెక్టరీ అనేదీ, లోకం ఫోల్డర్ అనేదీ పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పేర్ల పట్టిక. ఒక్కో వరసలో ఒక ఫైలు పేరు, పెట్టిన తేదీ, డిస్కులో అది ఎక్కడ ఉందో ఆ చోటు. పట్టిక పేజీలు పేజీలుగా పెరుగుతుంది. పేజీ నంబరు రాయడానికి నేను ఇచ్చిన గడి చిన్నది. వెయ్యిన్నీ ఇరవై నాలుగు పేజీల దాకానే పడుతుంది. ఆ తర్వాత ఇంకో పేజీ కావాలంటే నంబరు పట్టక మళ్లీ సున్నా అయిపోతుంది. ఆగదు, తప్పని అరవదు. మొదటి పేజీ తెరిచి పాత పేర్ల మీదే కొత్త పేర్లు రాసుకుంటూ పోతుంది.

ఆ గడి పక్కన అప్పట్లో నేను రాసి పెట్టుకున్న మాట ఇంకా ఉంది. "ఇంతకు మించి ఎవరూ పెట్టరు."

ఊరికే రాయలేదు. పరీక్ష చేసి మరీ రాశాను. ఒకే ఫోల్డర్‌లో అరవై ఒక్క వేల ఫైళ్లు పట్టాయి. ఛాతీ ఆసుపత్రి వాళ్లు పెట్టినవి పద్దెనిమిది వేలే. కాబట్టి ఇది కాదు. ఇంకేదో.

మార్చి 6, శుక్రవారం

కోడ్ ముట్టుకోలేదు. తలనొప్పి.

మార్చి 8, ఆదివారం

మబ్బు పట్టింది. ఎడమ భుజం లాగుతోందని అక్క కత్తెర పక్కన పెట్టేసింది. చిన్నప్పటి దెబ్బ. తనకి పదకొండు, నాకు ఏడు. పెరటి గోడ మీద నడుస్తూ కింద పడింది. మెడ కింద అడ్డంగా ఉండే ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ జాకెట్టు కొలత తీస్తే అక్కడ చిన్న ముడి చేతికి తగులుతుంది.

తనే పడింది. నేను గోడ మీదే ఉన్నాను.

మధ్యాహ్నం వేడినీళ్ల సంచీ పట్టాను. ఇరవై నాలుగు గురించి తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పొరుగావిడ బ్లౌజు మెడ ఎంత లోతు పెట్టమందో చెప్పి నవ్వించింది. నవ్వుతుంటే దగ్గు వచ్చింది. దగ్గు ఆగేదాకా బావ గుమ్మంలోనే నిలబడ్డాడు.

మార్చి 9, సోమవారం

కొంప మునిగింది.

ఆసుపత్రి పెట్టె నుంచి లెక్క తెప్పించాను. మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా అందులో పెట్టిన ఫోటోలు 18,448. ఇప్పుడు పట్టికలో కనిపిస్తున్నవి 14,336. ఆ రెండో అంకె చూడగానే పై ప్రాణాలు పైనే పోయాయి. వెయ్యిన్నీ ఇరవై నాలుగుని పద్నాలుగుతో గుణిస్తే సరిగ్గా అంతే. పేజీకి పద్నాలుగు పేర్లు.

నేను పరీక్ష చేసినప్పుడు పేజీకి అరవై పట్టాయి. ఎందుకు పట్టవు? పరీక్ష కోసం నేను పెట్టిన పేర్లు ఎ1, ఎ2, ఎ3. ఆసుపత్రి వాళ్లు మనిషి పూర్తి పేరు, తండ్రి పేరో భర్త పేరో, వయసు, తారీఖు, ఏ వార్డు, ఏ డాక్టరు, అన్నీ కలిపి ఒకే ఫైలు పేరుగా పెడతారు. నిజం మనుషుల పేర్లు పొడుగ్గా ఉంటాయన్న సంగతి తొమ్మిదేళ్ల కిందట నాకు తట్టలేదు.

నాలుగు వేల నూట పన్నెండు ఫోటోలు. అన్నిటికంటే పాతవి. పేరు చెరిగిపోయింది కానీ ఫోటో డిస్కులో ఎక్కడో అలాగే పడి ఉంది. అక్కది అందులోనే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఏడాదిన్నర కిందట మా టెస్టింగ్ అమ్మాయి ఇదే పట్టుకుంది. పొడుగు పేర్లతో ఫోల్డర్ నింపితే మొదటివి మాయమవుతున్నాయి మేడం, అని ఫిర్యాదు పెట్టింది. నేను నా ఎ1, ఎ2లతో చూశాను. మాయం కాలేదు. "ఇక్కడ రావడం లేదు" అని రాసి మూసేశాను. అప్పటికి ఆసుపత్రి ఫోల్డర్ నిండి ఎన్నో రోజులు కాలేదు. ఆ రోజు ఒక్క పూట ఆ పిల్ల పక్కన కూర్చుని ఉంటే పోయినవి ఏ ఏడెనిమిది వందలో ఉండేవి.

మార్చి 10, మంగళవారం

సారు అడిగారు, ఏమైనా తేలిందా అని. చూస్తున్నానండీ అన్నాను.

ఆసుపత్రికి ఏదో ఒక జవాబు రాయాలి కదా అన్నారు. రాశాను. "మా వైపు లోపం ఇంకా ఏదీ కనబడలేదు. సిబ్బంది పొరపాటున తుడిచి ఉండవచ్చు." ఉండవచ్చు అని మాత్రమే అన్నాను. అది అబద్ధం కాదు.

ముందు చడీచప్పుడు లేకుండా సరిచేసేస్తాను. తర్వాత చెప్పుకోవచ్చు.

మార్చి 12, గురువారం

రెండు రోజుల నుంచి కోడ్ తప్ప వేరే ధ్యాస లేదు, హాయిగా ఉంది. గడి వెడల్పు చేయడం ఒక్క నిమిషం పని. కానీ ఆ చిన్న నంబరుని నమ్ముకుని బతుకుతున్న చోట్లు ముప్పై ఏడు తేలాయి. పేరు వెతికేది, పేరు తీసేసేది, పట్టిక చదివి చూపించేది, అన్నీ. ఒక్కొక్కటీ పట్టుకుని మార్చాను. ఇప్పుడు ఫోల్డర్‌లో ఎంతమందిని పెట్టినా పడతారు. నిజంగానే నిండితే, నిండిందని చెప్పి ఆగుతుంది, ఒకరి మీద ఇంకొకరిని రాయదు. కొత్త డిస్కు మీద రెండు లక్షల ఫైళ్లు పోసి చూశాను, చెక్కు చెదరలేదు.

రాత్రి అన్నం దగ్గర బావ ఒక కబురు చెప్పాడు. ఎక్స్‌రే తీసే ఆయనకి మెమో ఇచ్చారట, పాత ఫోటోలు తుడిచేశాడని. ఇరవై రెండేళ్ల సర్వీసట. పాపం, మనది వెతుకుతూ పొద్దుపోయేదాకా ఉండిపోయాడు, మంచివాడే అన్నాడు బావ. అక్క, అలాంటివాడు ఎందుకు తుడుస్తాడు అంది.

కారం ఎక్కువైందని లేచిపోయాను.

మార్చి 13, శుక్రవారం

ఇంకా పదకొండు రోజులు.

గడి పెద్దదైతే పాత పేర్లు బయటికి వస్తాయి. వస్తాయి.

మార్చి 16, సోమవారం

అయిపోయింది. మార్చిన ప్రోగ్రాంని పెట్టెలు బిగించే ఆయన చేతికి ఇచ్చాను. రేపు పదకొండు గంటలకి ఆసుపత్రికి వెళ్లి వేసి, పెట్టె ఒకసారి ఆపి ఆన్ చేసి వస్తాడు. మామూలు మార్పే అని కాగితం మీద రాశాను.

సాయంత్రం బ్యాగు సర్దుకుంటుంటే టెస్టింగ్ అమ్మాయి వచ్చి నిలబడింది. తనకేం చెప్పలేదు, కానీ మార్పుల చిట్టా అందరికీ కనిపిస్తుంది కదా. ఏడాదిన్నర కిందటి సంగతి ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు. అప్పటికే నిండిపోయిన పాత డిస్కు మీద వేసి చూశారా మేడం, అని అడిగింది అంతే. అవసరం లేదన్నాను. సరే మేడం అంది. వెళ్లిపోతూ వెనక్కి తిరిగి చూసింది.

ఆ చూపు నాకు నచ్చలేదు. రేపు పొద్దున్నే చేసి చూపిస్తాను, నోరు మూసుకుంటుంది.

మార్చి 17, మంగళవారం

వరసగా రాయాలి.

పొద్దున తొమ్మిదికి ఆఫీసులో ఒక పెట్టె తీసుకుని పాత ప్రోగ్రాంతోనే నింపాను. పొడుగు పేర్లతో పద్దెనిమిది వేల నాలుగు వందల నలభై ఎనిమిది ఉత్తుత్తి ఫైళ్లు. ఆసుపత్రిలో ఎన్నో అన్ని. అవి నిండేసరికి పది దాటింది. నా కొత్త ప్రోగ్రాం వేసి, ఆపి, ఆన్ చేశాను. తెర మీద ఒక వరస వచ్చింది.

"పేరు లేని ఫైళ్లు: 4,112. తుడిచివేయబడినవి: 4,112."

ఆ వాక్యం నాదే. పెట్టె ఆన్ అయిన ప్రతిసారీ డిస్కు అంతా తనిఖీ చేసి, ఏ పట్టికలోనూ పేరు లేనివి చెత్త కింద లెక్కగట్టి ఊడ్చిపారేసే భాగం. తొమ్మిదేళ్ల కిందటే అది కూడా నేనే రాసి మరిచిపోయాను. ఆసుపత్రి పెట్టెకి బ్యాటరీ ఉంది. మూడేళ్లుగా ఒక్కసారీ ఆగలేదు. ఆగలేదు కాబట్టే ఆ నాలుగు వేల ఫోటోలు ఇంకా బతికి ఉన్నాయి. పదకొండింటికి ఆ పెట్టెని ఆపి ఆన్ చేయడానికి నేనే మనిషిని పంపించాను.

గడియారం పదీ ముప్పై ఐదు. బిగించే ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తడు. బండి మీద ఉంటే ఎత్తడు, అది ఆయన నియమం. ఆసుపత్రికి చేస్తే వరసలో ఉన్నారు, వేచి ఉండండి అని పాట. టెస్టింగ్ అమ్మాయి నా వెనకాల నిలబడి తెర చదువుతోంది. నా చెప్పులు బల్ల కింద నుంచి కాలితో ఇటు తోసింది. పరిగెత్తాను.

ఆటో దొరికింది. రెండు సిగ్నళ్ల దగ్గర ఆగింది. రెండో దాని దగ్గర దిగి పరిగెడదామనుకున్నాను, ఆటో ఆయన కూర్చోండమ్మా, మీ కాళ్ల కంటే నా చక్రాలే నయం అన్నాడు. దారి పొడుగునా ఒకటే లెక్క. పెట్టె ఆన్ కావడానికి నిమిషంన్నర. ఊడవడానికి ఇంకో నిమిషం.

పదకొండూ పదికి ఎక్స్‌రే గదిలోకి వెళ్లాను. బిగించే ఆయన బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పెట్టె మీద పచ్చదీపం వెలుగుతోంది. ఆగలేదు.

ఎందుకు ఆగలేదంటే, ఎక్స్‌రే ఆయన సంతకం పెట్టనన్నాడు. మెమో తిన్నాక ఇక ఆ పెట్టె మీద ఎవరేం చేసినా తన సంతకం ఉండదని మొండికేశాడు. సూపరింటెండెంటు రౌండ్ల నుంచి వచ్చేదాకా ఆగమన్నాడు. నేను రాసిన ఆ దిక్కుమాలిన "ఉండవచ్చు" వల్ల ఆయనకి మెమో వచ్చింది, ఆ మెమో వల్ల ఫోటోలు మిగిలాయి. ఇందులో నా గొప్పేమీ లేదు. ఇది రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

సూపరింటెండెంటు అప్పుడే లోపలికి వచ్చారు, వెనక ఇద్దరు నర్సులు. అందరి ముందూ చెప్పాను.

"దాన్ని ఆపకండి. ఆపి ఆన్ చేస్తే పాత ఫోటోలన్నీ పోతాయి. అవి ఈయన తుడవలేదు. నేను రాసిన ప్రోగ్రాంలో తప్పుంది. నాకు వారం నుంచి తెలుసు."

నాకు ఊపిరి అందడం లేదు. ఎక్స్‌రే ఆయన స్టూలు ఇటు లాగాడు. యాభై ఏళ్లు ఉంటాయేమో, చేతికి సీసం చేతితొడుగు ఇంకా ఉంది.

"కూర్చోండమ్మా. ఊపిరి పీల్చండి. ఇక్కడ బిగబట్టనక్కర్లేదు, వదిలేయండి."

మార్చి 18, బుధవారం

సారుకి అంతా చెప్పాను. బ్యాకప్ లేదా అని అడిగారు. ఉంది, కానీ అది పట్టికలో పేరున్నవాటినే కాపీ చేస్తుంది, వారం దాటిన కాపీలు ఉంచదు. ఎప్పటి నుంచి తెలుసు అని అడిగారు. తొమ్మిదో తారీఖు అన్నాను. పదో తారీఖున జవాబు రాసింది మీరే కదా అన్నారు. అవునన్నాను.

ముందు ఫోటోలు బయటికి తీయండి, మీ సంగతి తర్వాత అన్నారు. సారు అరిచి ఉంటే బాగుండేది.

ఇంట్లో చెప్పలేదు. ఫోటో ఎందుకు దొరకలేదో అక్కకి తెలియదు. ఇంకా ఆరు రోజులు.

మార్చి 20, శుక్రవారం

పెట్టె ఆపకుండా, దాని మీద ఒక్క అక్షరం రాయకుండా, డిస్కంతా చదివి పేరు లేనివాటిని ఇంకో డిస్కు మీదికి ఎత్తే ప్రోగ్రాం రాశాం. రాశాం అంటే నేనూ టెస్టింగ్ అమ్మాయీ. నేను రాసిన ప్రతి వరసా తను చదివింది, నేను ప్రతిసారీ పొడుగు పేర్లు పెట్టే చూశాను. నిన్న మధ్యాహ్నం నుంచి ఆసుపత్రిలో నడుస్తోంది. ఈ సాయంత్రం నాలుగింటికి ముగిసింది.

నాలుగు వేల నూట పన్నెండూ వచ్చాయి. ఒక్కటీ పోలేదు.

కానీ పేర్లు లేవు. పేరూ తేదీ రెండూ పట్టికలోనే ఉండేవి. ఆ పాత ఎక్స్‌రే మిషను ఫోటో మీద ఏమీ ముద్రించదు. ఒకటి నుంచి నాలుగు వేల నూట పన్నెండు దాకా నంబర్లు వేసిన ఛాతీలు. గడి పెద్దది చేస్తే పేర్లు వస్తాయని మొన్న రాశాను. రావని ఆ రోజే తెలుసు.

మార్చి 21, శనివారం

పేషంట్ల ఫోటోలు నేను చూడకూడదు. ఎక్స్‌రే ఆయన చూస్తాడు, నేను తెరకి వీపు పెట్టి కూర్చున్నాను. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా ఏడు వందలు చూశాడు. మచ్చ ఉందా లేదా అని చూస్తే లాభం లేదు, అసలు తేల్చాల్సిందే అది. మనిషిని పట్టిచ్చే గుర్తు ఏదైనా కావాలన్నాడు.

ఎడమ వైపు కాలర్ బోన్ విరిగి వంకరగా అతుక్కుందని చెప్పాను. మరి ఈ మాట పొద్దున్నే ఎందుకు చెప్పలేదు? అడగలేదు కాబట్టి. కాదు. ఆ ఎముక గురించి నేను ఎవరి దగ్గరా ఎత్తను కాబట్టి.

"ఎప్పటిదమ్మా అది?" అన్నాడు.

"నేనే తోశాను."

మౌస్ చప్పుడు ఆగింది.

"ఎవరు తోశారని కాదమ్మా, ఎన్నేళ్లప్పుడు విరిగిందని అడిగాను."

పదకొండేళ్లప్పుడు అన్నాను. మళ్లీ మౌస్ చప్పుడు మొదలైంది.

నేనే తోశాను. గోడ మీద ముందు తను నడుస్తోంది, దారి ఇవ్వట్లేదు. రెండు చేతులూ వీపున ఆనించి తోశాను. అమ్మ పరిగెత్తుకొస్తే అక్క మట్టిలో పడుకునే, నేనే పడ్డానమ్మా అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ముప్పై నాలుగేళ్లు నేనూ అదే అన్నాను. ఈ డైరీలో కూడా రాశాను, రెండు వారాలు కాలేదు. నా కోసమే రాసుకునే పుస్తకంలో నేను ఎవరికి అబద్ధం చెప్తున్నట్టు?

ఆరింటికి ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. పద్నాలుగు వందలు అయ్యాయి. రేపు సెలవైనా వస్తానన్నాడు. మెమో గురించి క్షమించమని అడగాలనుకున్నాను. అడగకుండానే వచ్చేశాను.

మార్చి 22, ఆదివారం

మధ్యాహ్నం రెండూ ఇరవైకి వెనక నుంచి ఆయన పిలిచాడు. ఇది ఒక్కటి మీరు చూడొచ్చు అన్నాడు.

నంబరు 2,731. నల్లటి తెర మీద తెల్లటి పక్కటెముకలు, పైన ఎడమ భుజం దగ్గర ఆ ముడి. నేను చేసిన ముడి. అంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. ఎముక రెండు కొనలూ ఒకదాని మీదికి ఒకటి జరిగి అతుక్కుని ఉన్నాయి. కుడి ఊపిరితిత్తి వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. కళ్లు ఆ ముడి దగ్గరే ఉంచి, మచ్చ ఉందా అని అడిగాను. ఆ మాట నేను చెప్పకూడదు, రేపు డాక్టరమ్మ చెప్తారు అన్నాడు.

ఆయన ముఖంలో వెతికాను. ఏమీ దొరకలేదు.

అప్పుడు మాత్రం అడిగాను, నా జవాబు వల్ల మీకు మెమో వచ్చింది, క్షమించండి అని. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, ఇంట్లో మూడు రోజులు అన్నం తినలేదమ్మా అన్నాడు. సరే అనలేదు, ఫర్వాలేదనీ అనలేదు.

మార్చి 23, సోమవారం

ఉంది.

మచ్చ ఎనిమిదేళ్ల కిందటా ఉంది. అంతే ఉంది. డాక్టరమ్మ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచి చూపించింది. రేపటి ఆపరేషన్ కొట్టేసింది. ఆరు నెలలకి మళ్లీ రమ్మంది. దగ్గుకి వేరే మందు రాసింది. బావ బయటికి వెళ్లి వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి.

ఇంటికొచ్చాక అక్క నన్ను మిషను పక్కన కూర్చోబెట్టి, ఇంత మందిలో నాదే అని ఎలా కనుక్కున్నారే అని అడిగింది. అంతా చెప్పాను. గడి సంగతి, మూసేసిన ఫిర్యాదు సంగతి, ఎక్స్‌రే ఆయన సంగతి. చివర్న గోడ సంగతి. తల ఎత్తకుండా చెప్పాను, కింద పడ్డ దారం ముక్కలు చూస్తూ.

అక్క సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కించడం అయ్యాక అంది.

"పడింది నేను కదే చిట్టీ. ఎవరు తోశారో నాకు తెలియదా?"

మరి అమ్మకి ఎందుకు చెప్పలేదన్నాను.

"నువ్వు గోడ మీద గజగజ వణుకుతున్నావు. నాకు విరిగింది ఒక్క ఎముకే అనిపించింది. తర్వాత నువ్వే చెప్తావులే అనుకున్నా. చాలా రోజులు తీసుకున్నావు."

ఏడిచాను. వీపు నిమిరింది. నిమురుతూనే, నాది దొరికింది సరే, మిగతా వాళ్లవి ఎలా అని అడిగింది. వాళ్ల ఎముకలు విరగ్గొట్టిన చెల్లెళ్లు వాళ్లకి లేరుగా అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

మార్చి 24, మంగళవారం

ఇవాళ అక్కని కోయాల్సిన రోజు. పొద్దున నుంచి మిషను నడుస్తోంది.

ఆసుపత్రికి వెళ్లాను. కాగితాల రిజిస్టరుతో సరిపోల్చి పేర్లు తిరిగి పెట్టే పని మొదలైంది. వయసు, ఆడా మగా, పాత ఎముక విరుగుళ్లు, గుండె పక్కన బిగించిన మిషను, దేన్నిబట్టి దొరికితే దాన్నిబట్టి. సాయంత్రానికి అక్కది కాక పదహారు తేలాయి. ఇంకా నాలుగు వేల తొంభై ఐదు.

లేచేటప్పుడు ఎక్స్‌రే ఆయన సొరుగులోంచి ఒక చీటీ తీశాడు. ఈ ఏడాదిన్నరలో పాత ఫోటో కావాలని డాక్టర్లు అడిగితే తను వెతికి లేదని చెప్పినవాళ్ల పేర్లు. ఎందుకో రాసి పెట్టుకున్నాడట. పదకొండు మంది. చివర ఉన్న అక్క పేరు కాకుండా పదకొండు. వీళ్లలో ఎంతమందిని కోశారు అని అడిగాను. ఐదుగురిని అన్నాడు.

వాళ్ల పాత ఫోటోల్లో మచ్చ ఉంటే ఆ కోత అక్కర్లేనిది. ఇంతకు ముందు నేను భయం అనుకున్నది భయం కాదు.

మార్చి 25, బుధవారం

టెస్టింగ్ అమ్మాయి పాత ఫిర్యాదు మళ్లీ తెరిచాను. "ఇక్కడ రావడం లేదు" అన్నదాన్ని కొట్టేసి, వస్తుంది, మొదటి నుంచీ వస్తోంది అని రాశాను. మూసింది ఎవరు అన్న దగ్గర నా పేరు అలాగే ఉంచాను. కోడ్‌లోంచి ఆ పాత మాట తీసేశాను. దాని బదులు ఏమీ రాయలేదు.

మార్చి 27, శుక్రవారం

డాక్టరమ్మ ఆ పదకొండు మందికీ కబురు పెట్టింది. కోయించుకున్న ఐదుగురిలో మొదటి ఆయన రేపు పదింటికి కూతురితో వస్తున్నాడు. ఇంటింటికీ న్యూస్ పేపర్లు వేసే ముసలాయనట. ఫోటో నిన్న దొరికింది. అందులో ఏముందో నాకు చెప్పలేదు, ఎక్స్‌రే ఆయన ఈసారి నా వైపు చూడను కూడా లేదు.

నేను అక్కడ ఉంటానని అడిగాను. సారు వద్దన్నారు. వెళ్తే ఉద్యోగం సంగతి నా చేతుల్లో ఉండదన్నారు. బెదిరింపులా అనలేదు, నిజంగా బతిమాలినట్టే అన్నారు. వెళ్తానన్నాను.

ఆ ముసలాయనకి ఏం చెప్పాలో ఒక కాగితం మీద రాసుకున్నాను. మూడుసార్లు రాసి చింపేశాను. మూడింట్లోనూ ఎక్కడో ఒక చోట "ఉండవచ్చు" వచ్చింది.

మార్చి 28, శనివారం

తొమ్మిదింపావు. నాలుగో కాగితం జేబులో ఉంది. ఒకటే వాక్యం. మెట్లు దిగగలనో లేదో తెలియదు. ఆ ముసలాయన చొక్కా ఎత్తి ఆ కోత చూపిస్తే ఏం చేయాలి?

కింద మిషను ఆగింది. అక్క చెప్పులు వేసుకుంటోంది. నువ్వెందుకు అని పైనుంచి అడిగాను. ముందు నువ్వు నడువు, వెనక నేనుంటా అంది.